స్నానాల గదిలో పొగ పంకా

నా చిన్నప్పుడు మా వీధిలో కరెంటు మా బియ్యం మిల్లులోనే పుట్టి మిల్లులోనే ఆగిపోయేది. ఇంజను తిరిగితే దాని పక్కన బిగించిన డైనమో తిరిగేది. డైనమో తిరిగితే మిల్లులో బల్బులు వెలిగేవి. సాయంత్రం ఇంజను ఆపగానే అవీ ఆరిపోయేవి. మిల్లుకూ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ దాటి కరెంటు మొదటిసారి ఇంట్లోకి వచ్చింది దీపం కోసం కాదు. స్నానాల గదిలో పొగ లాగే పంకా కోసం. సూర్యాపేటలో ఎవరికి చెప్పినా నవ్వేవారు. మా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

రజాకార్ల గొడవ సద్దుమణిగి, రోడ్ల మీద లారీలు మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన కాలం అది. మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. కాన్పు తేలిగ్గానే అయింది. కష్టమంతా ఆ తర్వాత చేయించే స్నానాలతో మొదలైంది. అక్కకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉబ్బసం. మబ్బు పట్టినా, పక్కింట్లో మిరపకాయలు వేయించినా ఆమె భుజాలు పైకి లేచి, మెడ నరాలు తేలేవి.

మా స్నానాల గది అక్క పడుకునే గదికి ఆనుకునే ఉండేది. రెంటికీ మధ్య ఒక తలుపు. మిగతా మూడు వైపులా రాతి గోడలు. పెరటి వైపు గోడలో పెద్ద రాగి కాగు కట్టి ఉండేది. కాగు మూతి గదిలోపల, దాని కింది పొయ్యి పెరట్లో. బయట కట్టెలు పెడితే లోపల నీళ్లు కాగేవి. పొగ చాలామటుకు పెరట్లోకే పోయేది కానీ, కాగుకూ గోడకూ మధ్య సున్నం రాలిపోయిన చోట్ల నుంచి కొంత లోపలికి దూరేది. దానికి తోడు నీళ్ల ఆవిరి. ఆ పైన బాలింతకు వేసే సాంబ్రాణి.

బాలింతకు గాలి తగలకూడదన్నది మా నాయనమ్మ పట్టింపు. ఆ పట్టింపు అందరి ఇళ్లలోనూ ఉండేది. మా ఇంట్లో అది ఒక మెట్టు ఎక్కువ. స్నానానికి ముందు ఆమె స్వయంగా గది చుట్టూ తిరిగి వచ్చేది. కిటికీకి పాత దుప్పటి, తలుపు కింద తడిపిన గోనెపట్ట, పెంకుల సందుల్లో గుడ్డపీలికలు. చీమ దూరే సందు కూడా ఉండేది కాదు. ఆ గదిలో నుంచి అక్కను బయటికి తెచ్చేసరికి ఆమె మాట్లాడలేకపోయేది. దిండ్లకు ఆనుకుని, నోరు తెరిచి, ఒక్కో ఊపిరినీ చేత్తో లాగుతున్నట్టు లాగేది. పక్కన పసిపిల్ల పాలకు ఏడుస్తుంటే తీసుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

దవాఖాన డాక్టరు వచ్చి చూసి, బయట వసారాలో నిలబడి మా నాయనతో ఒక్కటే మాట అన్నాడు. ఆ పొగలో ఇంకొన్నాళ్లు ఉంచితే తర్వాత తన చేతిలో ఏమీ ఉండదన్నాడు. స్నానాలు మానేయమని చెప్పే ధైర్యం మా నాయనకు లేదు. మానితే ఒళ్లు నీరు పడుతుందని నాయనమ్మ. కిటికీ తీద్దామనే ధైర్యం అసలే ఎవరికీ లేదు.

అప్పుడు మా చిన్నాయన పూనుకున్నాడు. మిల్లు ఇంజను, డైనమో ఆయన చేతి కింద ఉండేవి. మాట తక్కువ, పట్టు ఎక్కువ. పొగను బయటికి లాగేసే పంకా ఒకటి ఉంటుందని, సినిమా హాళ్లలో యంత్రం గదికి పెడతారని, దాన్ని స్నానాల గదికి బిగిస్తానని చెప్పాడు. నాయనమ్మ చాలాసేపు అడిగింది.

"పంకా అంటే గాలి ఇసురుతది గదరా?"

"ఇది ఇసరదమ్మా. గుంజుతది. లోపటిది బయట పారేస్తది."

"లోపటికి ఏం రాదు?"

చిన్నాయన ఒక్క క్షణం ఆగి, "పంకాలకెల్లి ఏం రాదు" అన్నాడు. ఆ జవాబుకు ఆమె ఒప్పుకుంది. బయటికే పోయే గాలితో ఆమెకు తగువు లేదు.

పంకాను తెచ్చింది మా మేనత్త. ఆమెను కోదాడ ఇచ్చారు. అత్తగారి వాళ్లకు బెజవాడతో వ్యాపారం. అక్కడ ఒక సినిమా హాలు వాళ్లు మార్చేసిన పాత పంకాను సంపాదించి, చీరలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నాయనమ్మ ఆ మూట విప్పి చూసింది.

"బాలింతకు కాయం మందు తెస్తవనుకుంటే ఇనుప చక్రం తెస్తివేందే?"

"కాయం కూడా తెచ్చానమ్మా. సంచిలో ఉంది."

"'తెచ్చాన'ట. కోదాడ నీళ్లు తాగి మాట గూడ మార్సినవ్."

మేనత్త నవ్వి ఊరుకుంది. ఊరుకోవడంలో ఆమెకు ఆమే సాటి.

చిన్నాయన పని చేసే తీరు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. ఇంజను ఆగినప్పుడే తీగ ముట్టుకునేవాడు. ముందు మిల్లు గోడకు బెజ్జం వేయాలి. అది మూరకు పైగా మందం ఉన్న రాతిగోడ. ఉలి మొద్దుబారితే కమ్మరి దగ్గరికి పోయి పదును పెట్టించుకుని వచ్చి మళ్లీ కూర్చునేవాడు. రాళ్ల మధ్య మట్టి దొరికితే మొహం వెలిగేది, రాయి తగిలితే పళ్లు బిగుసుకునేవి. చివరికి వెలుతురు కనిపించాక స్నానాల గది గోడకూ ఒక బెజ్జం వేశాడు. దానితో తృప్తి పడకుండా, వానకు తడిసే గోడల్లో బెజ్జం బయటికి వాలుగా ఉండాలని దాన్ని మళ్లీ చెక్కాడు. నీటి చుక్క తీగ పట్టుకుని లోపలికి నడిచి రాకూడదట.

వసారా దూలం వెంట సన్నని చెక్కపట్టీలు కొట్టి, వాటిలో తీగను పరుపు మీద పడుకోబెట్టినట్టు పరిచి, పైన మూతపట్టీ బిగించాడు. ఒకచోట తీగ చాలలేదు. అతుకు వేసి పట్టీ మూసేశాడు. మరునాడు తనంతట తానే అంతా ఊడదీశాడు. ఆవిరి తగిలే చోట అతుకు ఉండకూడదని, మిల్లులో ఒక బల్బు తీగను పీకి, ఒకే ముక్క వచ్చేట్టు మళ్లీ పరిచాడు. స్విచ్చి స్నానాల గదిలో పెట్టలేదు. అక్క గదిలో, తలుపు పక్కన, తడిచేయి పోనిచోట పెట్టాడు. పంకాను ఇంటి పక్క సందు వైపు గోడలో ఎత్తున, పొయ్యి ఉన్న పెరటికి దూరంగా బిగించాడు.

ఆఖరున పంకా ఇనుప చట్రం నుంచి ఒక రాగి తీగను నేలలోకి దించాలన్నాడు. పెరట్లో గొయ్యి తీసి, అందులో బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా వేస్తుంటే నాయనమ్మ వచ్చి చూసింది. కరెంటు పొరపాటున ఇనుముకు పాకితే మనిషిని పట్టకుండా నేలలోకి పోవడానికని ఆయన చెప్పాడు. ఉప్పు పోస్తున్నాడంటే దిష్టికేనని ఆమె అప్పటికే అనుకుంది. లోపలికి పోయి పసుపు తెచ్చి తనూ ఒక చిటికెడు వేసింది. చిన్నాయన కాదనలేదు. ఆ పని మొత్తంలో తల్లీకొడుకులు ఒక్కమాట మీద ఉన్నది ఆ గొయ్యి దగ్గరే.

పంకా తిప్పే రోజు వచ్చింది. నాయనమ్మ ఎప్పటికంటే జాగ్రత్తగా సందులు మూసింది. కొత్తగా పంకా చుట్టూ కూడా గుడ్డలు కుక్కింది. మేనత్త అక్కను లోపలికి తీసుకుపోయింది. పెరట్లో పొయ్యి భగభగ మండుతోంది. చిన్నాయన స్విచ్చి వేశాడు. గోడ అవతల పెద్ద తుమ్మెద తిరిగినట్టు చప్పుడైంది. నేను చప్పట్లు కొట్టాను.

కాసేపటికే లోపల నుంచి దగ్గు వినిపించింది. తర్వాత మేనత్త తలుపు బాదింది. తలుపు లాగితే ఒక పట్టాన రాలేదు, ఎవరో లోపల పట్టుకున్నట్టు బిగుసుకుంది. తెరిచేసరికి గదినిండా కట్టెల పొగ. ఎన్నడూ లేనంత నల్లటి పొగ. కాగు చుట్టూ ఉన్న నెర్రెల్లో నుంచి అది పాముల్లా లోపలికి వస్తోంది. అక్క పెదవులు నల్లబడ్డాయి. దుప్పటి చుట్టి ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. ఆమె ఊపిరి కుదుటపడేదాకా మేనత్త వీపు నిమురుతూనే ఉంది.

"ఏం పంకరా ఇది?" అంది చివరికి నాయనమ్మ. "లోపటి పొగ బయట పారేస్తదంటివి. బయటి పొగను పిలిసి పీట ఏసి కూసోబెడ్తున్నది. తీసి పారెయ్."

చిన్నాయనకు కారణం తెలుసు. గది అన్ని వైపులా బిగించి ఉంటే పంకాకు లాగడానికి గాలి ఎక్కడిది? దొరికిన ఒక్క దారి కాగు చుట్టూ ఉన్న నెర్రెలే. ఆ దారిలో ఉన్నది పొయ్యి పొగే. ఇంత బయటికి పోవాలంటే అంత లోపలికి రావాలని, కిటికీ కాస్త తెరిస్తే చాలని చెప్పాడు. ఒకటికి నాలుగు విధాల చెప్పాడు. ఆమె వింటూనే ఉంది. ఆయన ఆపాక మెల్లగా మాట్లాడింది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"మీ వదినె బాలింతగున్నప్పుడు కిటికీ తెరిసింది నేనేరా. ఉడకపోస్తున్నదత్తా, జర గాలి రానియ్యమన్నది. తెరిసిన. తెల్లారేసరికి జరమొచ్చింది. నాకు గాలి సంగతి నువ్వు చెప్పకు."

ఆ వదిన మా అమ్మ. నన్ను కన్న వారంలోనే పోయింది. ఆ జ్వరం కిటికీలో నుంచి రాలేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఇంట్లో లేరు. ఉండి చెప్పినా, అన్నేళ్లుగా ఆమె మోస్తున్నది ఒక్క మాటతో దిగేది కాదు. చిన్నాయన తల వంచుకున్నాడు. లేచి పోతూ మాత్రం, "నువ్వు వద్దన్నంక తిప్పనమ్మా. కానీ తియ్యను. గాడనే ఉంటది" అన్నాడు.

పంకా గోడలో కదలకుండా ఉండిపోయింది. స్నానాలు పాత పద్ధతిలోనే సాగాయి. అక్క రోజురోజుకూ చిక్కిపోయింది. మాట్లాడితే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మిగతాది చెప్పేది. తర్వాత మిగతాది చెప్పడమే మానేసింది.

మేనత్త తిరుగు ప్రయాణం వాయిదా వేసింది. తల్లితో ఒక్కసారి కూడా వాదించలేదు. తమ్ముణ్ని సమర్థించనూ లేదు. చిన్నాయనకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. "నువ్వన్న ఒక మాట చెప్పొచ్చు గదక్కా" అంటే, "నీ మాటకే దిక్కు లేదు, నా మాట కూడా దండగ చేయమంటావా?" అంది.

ఒకరోజు పొద్దున, స్నానానికి ముందు, అక్కకూ పసిపిల్లకూ నూనె మర్దనా చేయడానికి నాయనమ్మ పీట వేసుకుని కూర్చుంది. వర్తకుల ఇల్లు కాబట్టి నువ్వుల నూనె మా ఇంటికి మూతకు మాటు వేసి మూసిన రేకు డబ్బాల్లో వచ్చేది. కొత్త డబ్బా తెరిచేటప్పుడు పైన ఒక మూల ఒక బెజ్జం, దానికి ఎదురు మూల ఇంకో బెజ్జం మేకుతో పొడవాలి. ఆ పని ఎప్పుడూ నాయనమ్మదే. ఆ రోజు మేనత్త తానే మేకూ రాయీ తీసుకుంది. ఒక బెజ్జం పొడిచింది. మేకును చీర కుచ్చిళ్ల కింద పెట్టుకుని, డబ్బాను నాయనమ్మ ముందున్న గిన్నె మీదికి వంచింది.

నూనె రాలేదు. ఒక బొట్టు పడింది, ఆగింది. డబ్బా గుటుక్కుమంది. ఇంకో బొట్టు. ఇంకో బెజ్జం మరిచిపోయావని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మేనత్త నా వైపు చూడకుండానే నా తొడ గిల్లింది. నోరు మూసుకున్నాను.

నాయనమ్మ చేయి చాపి కూర్చుని ఉంది. పసిపిల్ల ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని కాళ్లు ఆడిస్తోంది. మేనత్త డబ్బాను ఇంకా వంచింది, కుదిపింది, ఏమీ తెలియనట్టు అడుగు తట్టింది.

"ఎందుకు పోవట్లేదమ్మా ఇది?" అంది.

"ఎందుకు పోతది? ఇద్దరు పిల్లల తల్లివి, డబ్బ తెరుసుడు మరిసినవా? అవతల బెజ్జమేది? గాలి లోపటికి సొరకపోతే నూనె బయటికి ఎట్ల దిగుతదే?"

మేనత్త జవాబు చెప్పలేదు. డబ్బాను అలాగే వంచి పట్టుకుంది. అంత బరువైన డబ్బాను అంతసేపు ఎలా పట్టుకుందో తెలియదు. చేతులు వణకడం నాకు కనిపిస్తోంది. ఏదో ఒకటి అనేస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆమె అనలేదు.

నాయనమ్మ చాపిన చేయి అలాగే ఉండిపోయింది. డబ్బాను చూసింది. తలుపు కింద తాను కుక్కిన గోనెపట్టను చూసింది. కూతురి మొహం చూసింది.

"నన్ను బడికి తోలినవానే?"

"నేనేమన్నానమ్మా? నూనె పోస్తున్నాను."

"పోస్తున్నవ్. మేకు ఇటియ్యి."

రెండో బెజ్జం తనే పొడిచింది. నూనె సన్నని దారంలా, తెగకుండా దిగింది. గిన్నె నిండుతున్నా ఆమె చాలనలేదు. మేనత్తే ఆపింది. నాయనమ్మ పసిపిల్లకు మర్దనా పూర్తిచేసి, చేతులు తుడుచుకుని, మిల్లు వైపు తిరిగి చిన్నాయనను కేకేసింది.

"పెరట్ల గాలి నా మనుమరాలికి తగులొద్దు. ముందే చెప్తున్న, కిటికి తెరువ. నా ఇంట్లకెల్లి ఎంత గాలి కావాల్నో అంత గుంజుకో."

ఆ తర్వాత పని అంతా ఆమెదే. ఎర్రమట్టి, పేడ కలిపి పిసికి కాగు చుట్టూ ఉన్న నెర్రెలన్నీ తన చేత్తో మెత్తింది. అక్క గదికీ స్నానాల గదికీ మధ్య తలుపు కింద ఉన్న గోనెపట్ట లాగేసింది. ఆ సందు చాలదని చిన్నాయన అంటే, తలుపు కింది చెక్క నుంచి బెత్తెడు కోయించింది. పొద్దంతా మూసి ఉంచే అక్క గది వెచ్చగా ఉంటుంది. గాలి అక్కడి నుంచి రావాలి, అదీ నేల మీదుగా రావాలి, ఒంటి మీదికి రాకుండా ముందు మందపాటి దుప్పటి ఒకటి అడ్డంగా వేలాడాలి. ఇన్ని షరతులతో ఆమె గాలికి దారి ఇచ్చింది.

అయినా అక్కను పంపలేదు. ముందు తాను పోతానంది. సాంబ్రాణి వేయించుకుని, కాగులో నీళ్లు మరిగించుకుని, డెబ్బై ఏళ్ల మనిషి తలుపు వేసుకుని స్నానానికి కూర్చుంది. చిన్నాయన స్విచ్చి వేశాడు. మేమంతా బయట నిలబడ్డాం. లోపల చెంబు చప్పుడు, పంకా మోత తప్ప ఏమీ లేదు. చిన్నాయన చేయి స్విచ్చి మీద నుంచి తీయలేదు. దగ్గు వినిపిస్తే ఆపేయడానికి.

చాలాసేపటికి నన్ను పిలిచింది. "పిల్లా, రా. నా కండ్లకు ఆన్తలేదు. పొగ ఎటు పోతున్నదో సూసి చెప్పు."

లోపలికి పోయాను. సాంబ్రాణి పొగ ఎప్పటిలా గది మధ్యలో ముద్ద కట్టి లేదు. దువ్విన జుట్టులా ఒకవైపు వాలి, గోడ మీద పంకా వైపు పోతోంది. అదే చెప్పాను. నాయనమ్మ తడిబట్టతో నేల మీద ఒంగి, తలుపు కింది సందు దగ్గర అరచేయి పెట్టి ఉంది. అలా చాలాసేపు ఉంచింది. చేయి తిప్పి మళ్లీ ఉంచింది.

"ఎచ్చగనే ఉన్నది" అంది. నాతో కాదు.

మరునాడు అక్క స్నానం చేసి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చింది. మంచం మీద కూర్చుని, మధ్యలో ఆగకుండా, "ఆకలైతున్నది, ఏమన్న పెట్టుర్రి" అంది. చిన్నాయన మిల్లులోకి వెళ్లిపోయాడు. ఇంజను పక్కన నిలబడి చాలాసేపు నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అక్క స్నానాలు ముగిసేదాకా, ప్రతిసారీ నాయనమ్మ తలుపు దగ్గర కూర్చుని ఆ సందులో చేయి పెట్టి చూసుకునేది.

మేనత్త కోదాడకు బయలుదేరే రోజు వీధి ఆడవాళ్లు వచ్చి పంకా చూశారు. తలుపు కింద కోయాలన్న ఉపాయం ఎవరిదని అడిగారు. "మా అమ్మదే" అంది మేనత్త. నాయనమ్మ అవునన్నట్టు కొంగు సర్దుకుంది. వాళ్లు పోయాక నేను ఉండబట్టలేక, "నువ్వే కదత్తా చేసింది? ఎందుకు చెప్పవు?" అని అడిగాను.

"నేనేం చేశానే? మీ నాయనమ్మే అన్నది, మీ నాయనమ్మే చేసింది. నాదని చెప్పానంటే రేపు మళ్లీ గోనెపట్ట కుక్కుతుంది" అంది, పెట్టె తాళం వేసుకుంటూ.

తర్వాత బతుకంతా పత్రికల్లో గడిచింది. మనుషులను ప్రశ్నలు అడగడమే నా పని. అడగడం చాలామంది నేర్పారు. అడిగిన తర్వాత, చేతులు వణుకుతున్నా, జవాబు నా నాలుక చివరే ఉన్నా, అవతలి మనిషి నోటి నుంచి అది వచ్చేదాకా మాట్లాడకుండా ఉండడం మాత్రం మా మేనత్త దగ్గరే నేర్చుకున్నాను. ఇంట్లో పిల్లలతో, మనవలతో కూడా అంతే. తెలిసిందని తొందరపడబోతే నా తొడ మీద చిన్నగా గిల్లినట్టవుతుంది. ఆగుతాను. ఆ మాట వాళ్లు అన్నాక, మంచి మాట అన్నారు, అలాగే చేద్దాం అంటాను.